డాక్టరు ఐడా స్కడ్డరుగారి జీవితము: నర్సు విద్య నారంభింపబోవు బాలికలకు

మదనపల్లెనుండి పుంగనూరు, పలమనేరు, చిత్తూరుల మీదుగా పోవు బాటయు, కుప్పమున రైలెక్కి జోలారుపేట మీదుగా కాట్పాడి చేరు మార్గమును మన ప్రాంతపు రోగులకు చిరపరిచితములు. ఇంటిలో నెవరికేని ప్రాణాపాయమైన వ్యాధి సంభవించినప్పుడు రాయవేలూరునకు తీసికొనిపోవలెననుట మన పెద్దలకు తరతరములుగా నలవాటు. ఆ యాసుపత్రికి పునాది వేసిన డాక్టరు ఐడా సోఫియా స్కడ్డరుగారి పేరును మన విద్యార్థులలో ననేకు లెరుగుదురు. కాని యామె స్త్రీలకొరకు వైద్యపాఠశాలను తెరచుటకు తొమ్మిదేండ్లు ముందుగనే నర్సుల పాఠశాలను నెలకొల్పెనని యెరిగినవారు కొలదిమందియే.

ప్రతి సంవత్సరమును మన పాఠశాల విడిచిన బాలికలలో కొందరు నర్సు విద్యకు పోవుచున్నారు. వారిలో పలువురు నేడు తమ కుటుంబములకు నాధారమై గౌరవముగా జీవించుచున్నారు. మరి యొకరిద్దరు మొదటి మాసము గడువకముందే పెట్టె సర్దుకొని కన్నీళ్లతో నిల్లు చేరుటయు మేము చూచితిమి. అట్టివారిని మేము నిందింపము. అక్కడ తమకెదురగు పని యెట్టిదో వారికి ముందుగా నెవరును చెప్పియుండలేదు. కావున నీ సంచికలో డాక్టరమ్మగారి జీవితమును చెప్పుచు, నర్సు కాగోరు బాలిక యేమి యెదురు చూడవలెనో, యెందులకు దాని నోర్చుకొనవలెనో కూడ వివరింప నుద్దేశించితిమి.

స్కడ్డరు వంశము మన దక్షిణదేశమునకు క్రొత్తది కాదు. ఐడాగారి తాతగారైన డాక్టరు జాన్ స్కడ్డరుగారు 1819లో అమెరికాను విడిచి సింహళమునకు వచ్చి, పిమ్మట మద్రాసునందు పనిచేసిరి. వారి కుమారులు 1853లో ఆర్కాటు మిషనును స్థాపించిరి. ఆ మిషనుకు చెందిన డాక్టరు జేకబ్ చేంబర్లేనుగారే 1863లో మదనపల్లెకు వచ్చి, తెలుగు చక్కగా నభ్యసించి, యిచ్చటి రోగులకు ఔషధము లిచ్చుచుండిరి. కనుక వేలూరి కథయు మదనపల్లె కథయు నొక్క చెట్టు కొమ్మలే యని చెప్పవచ్చును.

ఐడాగారు 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించెను. అన్నదమ్ముల నడుమ నామె యొక్కతే యాడుబిడ్డ. తండ్రిగారును వైద్యులే. ఆమెకు ఆరేడేండ్ల ప్రాయమున 1876 మొదలు 1878 వరకు నీ దేశమును పీడించిన మహాక్షామము వచ్చెను. మన సీమలో ముసలివారు దానినే ధాత కరువని చెప్పుచుండెడివారు. తమ యింటి ముంగిట చేరిన పిల్లలలో కొందరికి చేతికిచ్చిన రొట్టెముక్కను నోటికి గొనిపోవు బలమైనను లేకుండుట ఆ చిన్నది కన్నులార చూచెను. తరువాత కుటుంబ మమెరికాకు పోయెను. తలిదండ్రులు మరల నిండియాకు రాగా, ఐడా యచ్చటనే యుండి నార్తుఫీల్డులోని బాలికల పాఠశాలలో చదివెను. తల్లికి దూరమై పెరిగిన యా బాలికకు నిండియా యన్న భయమును, విముఖతయు నేర్పడెను. తన వంశమువారందరు చేసిన పనిని తాను మాత్రము చేయనని యామె నిశ్చయించుకొనెను. తరువాత వేలకొలది స్త్రీల నా పనికి పిలిచిన వ్యక్తియే మొదట దాని నొల్లనన్నదని మన బాలికలు గుర్తుంచుకొనవలెను. ఇష్టము మొదటి దినముననే పుట్టకపోయిన మాత్రమున ఆ పని మనది కాదని తలపరాదు.

1890లో తల్లిగారు జబ్బుపడగా ఐడాగారు తిండివనమునకు వచ్చెను. కొంతకాలము తల్లికి పరిచర్య చేసి మరల పోవలెననియే యామె తలంపు. అచ్చట నొకనాటి రాత్రి జరిగిన సంగతి యామె జీవితమును మార్చెను. ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి, తన భార్య ప్రసవవేదనతో మరణించుచున్నదనియు, సాయమునకు రమ్మనియు వేడుకొనెను. తాను వైద్యము నెరుగననియు, తన తండ్రి వచ్చుననియు నామె చెప్పెను. పరపురుషుడు తమ యింటి స్త్రీని చూడరాదని చెప్పి యతడు వెడలిపోయెను. కొంతసేపటికి నొక మహమ్మదీయుడును, వారి వెనుక నింకొక హిందువును నదే కష్టముతో వచ్చి, అదే కారణమున నిరాశతో మరలిపోయిరి. ఐడాగారికి నిద్ర పట్టలేదు. తెల్లవారినప్పుడు శవయాత్రల వాద్యధ్వని వినబడెను. సేవకునిచే విచారింపగా ముగ్గురు స్త్రీలును గతించిరని తెలిసెను. వారందరును నామెకంటె నెక్కువ వయస్సు లేని పడుచులు.

ఈ సంగతిని మనము సాధారణముగా నొక డాక్టరు కథగా చెప్పుకొందుము. కాని బాగుగ నాలోచించిన నది నర్సుల కథయు నగును. ఆ మూడిండ్లలో డాక్టరు లేకపోవుట యొక లోపము. ఏది సహజమైన నొప్పి, యేది యపాయకరమైన గురుతు అని యెరిగి, శుభ్రమైన చేతులతో నా రాత్రియంతయు మంచముకడ కూర్చుండదగిన శిక్షితయైన స్త్రీ యొక్కతెయు నా యూరిలో లేకపోవుట మరియొక లోపము. వైద్యుడు వచ్చి పోవును. నర్సు కనిపెట్టుకొని యుండును. ఈ యొక్క సంగతిని గ్రహించినచో నర్సు విద్యలోని తక్కిన కష్టములన్నిటికి నర్థము తెలియును.

ఐడాగారు మనస్సు మార్చుకొని యమెరికాకు పోయి, 1895లో పెన్సిల్వేనియాలోని స్త్రీల వైద్యకళాశాలలో చేరెను. తరువాత కార్నెల్ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాల మొదటిసారిగా స్త్రీలను చేర్చుకొనగా నచ్చటికి మారి 1899లో పట్టము పొందెను. షెల్ అను ధనికుడు గతించిన తన భార్య జ్ఞాపకార్థముగా వేలూరిలో స్త్రీలకొక ఆసుపత్రి కట్టుటకు పదివేల డాలర్లు ఇచ్చెను. 1900 సంవత్సరారంభమున నామె వేలూరు చేరెను. ఆ యేటనే తండ్రిగారు మరణించిరి. అనుభవజ్ఞుడైన తండ్రిచెంత పని నేర్చుకొనవలెనను నాశ యట్లు తీరకపోయెను. బంగళాలోని యొక చిన్న గదియే యామె తొలి వైద్యశాల. పరదేశపు స్త్రీని, అందులోను పడుచును, జనులు నమ్ముటకు కొంతకాలము పట్టెను. రోగులు క్రమముగా పెరిగి, రెండు సంవత్సరములలో నైదువేలమంది వరకు చికిత్స పొందిరి. 1902లో నలువది మంచములుగల షెల్ ఆసుపత్రి తెరవబడెను.

అప్పుడే యామెకు నసలైన కొరత తెలిసెను. శస్త్రచికిత్స గంటలో ముగియవచ్చును. ఆ పిమ్మట రోగి యొడలు కాలుచున్నదా, చల్లబడుచున్నదా, నాడి యెట్లున్నది, కట్టు తడిసినదా యని రాత్రింబవళ్లు చూచువా రెవరు? పరికరములను నీటిలో మరిగించువా రెవరు? ఒక్క డాక్టరు నలువది మంచములకడ నేకకాలమున నిలువజాలదు. ఆమె తన చుట్టునున్న స్త్రీలకే పని నేర్పుచు వచ్చెను. 1909లో నర్సుల పాఠశాలను క్రమముగా నారంభించెను. అమెరికానుండి వచ్చిన డీలియా హౌటన్ అను నర్సుగారు దానిని నడపిరి.

ఈ విద్య యప్పటికి లోకమున క్రొత్తది కాదు. ఫ్లారెన్సు నైటింగేలుగారి పేరిట 1860లో లండనునందలి సెయింటు థామసు ఆసుపత్రిలో నర్సుల పాఠశాల వెలసెను. 1871లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో శిక్షణ మారంభమయ్యెను. ఐనను మన దేశమున ఆడుబిడ్డ నీ పనికి పంపుటకు తలిదండ్రులు జంకుచుండిరి. పరుల దేహమును తాకుట, మలమూత్రముల నెత్తుట, నెత్తురు కడుగుట నీచమని యెంచబడెను. రాత్రివేళ నింటి వెలుపల నుండుట యపవాదమునకు కారణమయ్యెను. పెండ్లి కాదను భయము వేరొకటి. అందుచే తొలిదినములలో నీ విద్యకు వచ్చినవారిలో క్రైస్తవ కుటుంబముల బాలికలే యెక్కువగా నుండిరి. వారి యోర్పువలననే నేడు నర్సు అను మాటకు గౌరవము కలిగినది.

ఇక నా విద్య నారంభించు బాలిక కెదురగు పని యేమి? ఆమె సూదిమందు వేయుదునని యాశతో పోవును. కాని మొదట నామెకు మంచము పరచుట నేర్పుదురు. ఇంటిలో పరచిన పరుపువంటిదే కదా యని తోచును. కదలలేని రోగిక్రింద దుప్పటిలో నొక ముడుత యున్నను, ఒకేచోట నొత్తిడి కలిగి, చర్మమునకు రక్తప్రసారము నిలిచి, పడకపుండు పుట్టును. అందుచేతనే ముడుత లేకుండ పరచుటయు, అట్టి రోగిని సుమారు రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పుటయు నేర్పుదురు. ఆ దుప్పటి నొకటికి పదిమార్లు విప్పించి పరపించినప్పుడు బాలికకు చిరాకు కలుగును. ఆ చిరాకు వెనుక నొక రోగి వెన్నుచర్మ మున్నదని యామె తలచుకొనవలెను.

తరువాత చేతులు కడుగుట. ఇదియు నేర్పవలసిన విద్యయా యని నవ్వువారు కలరు. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్వైసు అను వైద్యుడు, ప్రసవశాలలో వైద్యులందరు సున్నపుక్లోరిను నీటితో చేతులు కడుగుకొనవలెనని నియమింపగా బాలింతల మరణములు మిక్కిలి తగ్గిపోయెను. నేడును చేతుల లోపలిభాగము, వెనుకభాగము, వ్రేళ్ల సందులు, బొటనవ్రేలు, గోళ్ల కొనలు విడువక, ప్రతి రోగిని తాకుటకు ముందును పిమ్మటను కడుగుకొనవలెను. అలసిన నర్సు మరచిన నొక్క కడుగు వలన నొక మంచము వ్యాధి వేరొక మంచమునకు పోవును.

పిమ్మట చూచుటయు వ్రాయుటయు నేర్పుదురు. నాడి నిండుగ నొక నిమిషము లెక్కింపవలెను. ఉష్ణము, శ్వాస, రక్తపుపోటు చూచి కాలముతో సహా వ్రాయవలెను. తోచిన సంఖ్యను వ్రాయుట యీ వృత్తిలో మహాపరాధము. మందిచ్చునప్పుడు ఈ రోగియేనా, ఈ మందేనా, ఈ మోతాదేనా, ఈ మార్గముననేనా, ఈ వేళకేనా యని యైదు సంగతులు సరిచూచుకొనవలెను. గణితము నాకెందులకని మన తరగతులలో ననుకొను బాలికలు మోతాదు లెక్కలకడ దాని విలువ నెరుగుదురు. పొరపాటు చేసినప్పుడు దాచక వెంటనే పైవారికి చెప్పుట యన్నిటికంటె కష్టమైన పాఠము. దండనకు భయపడి దాచినచో దాని ఫలమును రోగి యనుభవించును.

దేహశ్రమయు నుండును. గంటలకొలది నిలువవలెను. పగలు పాఠములు విని, వంతు వచ్చినప్పుడు రాత్రి మేల్కొనవలెను. మొదటిసారి మలపాత్ర నెత్తినప్పుడు కడుపు త్రిప్పును. మొదటిసారి రోగి మరణించినప్పుడు హృదయము క్రుంగును. ఇవి రెండును పిరికితనము కావు. చాలమంది నర్సు లా మెట్టు దాటియే వచ్చిరి. ఒంటరిగ నేడ్చుటకంటె తోటి విద్యార్థినితోడను, ఉపాధ్యాయినితోడను చెప్పుకొనుట మేలు. తలిదండ్రులును మొదటి మాసమున బిడ్డ యేడ్చినంతనే పరుగిడి తీసికొనిరాక, విషయమేమో నెమ్మదిగ విచారింపవలెను. నిజముగ నన్యాయము జరిగియున్నచో పై యధికారులకు తెలుపవలెను. పని కష్టము మాత్రమే యైనచో ధైర్యము చెప్పవలెను.

డాక్టరమ్మగారు తాను చేయని కష్టమును శిష్యురాండ్రచే చేయించినది కాదు. ఆసుపత్రికి రాలేని పల్లెవాసులకొరకు నామె వేలూరినుండి గుడియాత్తము బాటవెంట ప్రతివారమును బయలుదేరి, చెట్లనీడల నాగి పుండ్లు కడిగి, మందు లిచ్చుచుండెను. మొదట నెద్దుబండిమీదను, 1909 ప్రాంతమున వచ్చిన చిన్న మోటారుబండిమీదను నీ ప్రయాణములు సాగెను. ఆ గుడియాత్తము మన పలమనేరు, కుప్పము ప్రాంతములకు సరిహద్దుననే యున్నది.

1918లో నామె స్త్రీలకొరకు వైద్యపాఠశాల నారంభించెను. మూడు దరఖాస్తులైనను వచ్చునా యని యధికారులు సందేహించిరట. కాని మొదటి సంవత్సరముననే నూటయేబదికి మించి వచ్చెనని చెప్పుదురు. 1922లో పదునలుగురు స్త్రీలు తొలి జట్టుగా నుత్తీర్ణురాండ్రైరి. 1942లో నా పాఠశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు చేరిన కళాశాల యయ్యెను. 1946లో నర్సుల పాఠశాలయు నున్నత పదవి పొందెను. ఆ సంవత్సరమున నర్సింగునందు బి.ఎస్సీ. పట్టమునకై చదువు మన దేశమున ఢిల్లీలోను, వేలూరిలోను మొదలయ్యెను. ఒక్క గదిలో పుట్టిన పని విశ్వవిద్యాలయపు పట్టమువరకు నెదిగినది. ఆమె విరమించుకొనిన పిమ్మట స్వాతంత్ర్యము వచ్చిన దినములలో నా సంస్థకు తొలి భారతీయాధ్యక్షురాలైన డాక్టరు హిల్డా లాజరసుగారు మన విశాఖపట్టణమున జన్మించిన తెలుగు స్త్రీయే.

ఐడాగారు వివాహము చేసికొనలేదు. తుదిదినములను కోడైకెనాలులో గడపి 1960 మే నెలలో, ఎనుబదితొమ్మిదేండ్ల వయస్సున గతించెను. ఒకప్పు డిండియాకు దూరముగ పోదలచిన యామె యీ నేలలోనే నిద్రించుచున్నది.

మన ప్రాంతమునను నర్సుల సేవ ఘనమైనదే. మదనపల్లెలో మేరీ లాట్ లైల్సు ఆసుపత్రి స్త్రీలకును బిడ్డలకును నాశ్రయమయ్యెను. 1915లో ఆరోగ్యవరమున క్షయరోగులకు శానిటోరియము వెలసెను. డాక్టరు ఫ్రిమోట్ మొల్లరుగారు దానిని నడపిరి. క్షయను చంపు తొలి మందగు స్ట్రెప్టోమైసిను 1943లో గాని కనుగొనబడలేదు. అంతవరకు విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, మంచి యాహారము, కనిపెట్టుకొని చూచుట యనునవే ముఖ్యమైన చికిత్స. అనగా నా మందు లేని దినములలో నర్సు పరిచర్యయే యనేకులకు మందై యుండెను.

నేడు మార్గములు పెక్కు గలవు. బి.ఎస్సీ. నర్సింగు నాలుగేండ్లు, జనరల్ నర్సింగు మూడేండ్లు, ఏ.ఎన్.ఎం. రెండేండ్లు చదువవలెను. బి.ఎస్సీ.కి పోగోరు బాలిక యింటరులో భౌతిక, రసాయన, జీవశాస్త్రములను, ఆంగ్లమును శ్రద్ధగ చదివియుండవలెను. మొదట శరీరనిర్మాణము, శరీరధర్మము, మనశ్శాస్త్రము, సమాజశాస్త్రము, ఆంగ్లము, నర్సింగు మూలసూత్రములు చెప్పుదురు. రోగిని తాకుటకు ముందు బొమ్మలపై నభ్యాసము చేయింతురు. చేరుటకు ముందు ఆ సంస్థకు భారత నర్సింగు కౌన్సిలు, రాష్ట్ర నర్సింగు కౌన్సిలుల గుర్తింపు గలదో లేదో తలిదండ్రులు తప్పక విచారింపవలెను. అది లేనిచో నేండ్ల చదువు వ్యర్థము కావచ్చును. బాలురకును నీ విద్యలో ప్రవేశము గలదు.

బాలికలారా, మీరు తెల్లని దుస్తుల శోభను మాత్రము చూచి పోకుడు. కష్టమును మాత్రము విని మానకుడు. తిండివనమున మూడు తలుపులు వెనుకటి దినములలో మూయబడియే యుండెను. నేడు మన పల్లెలో ప్రసవవేదన పడుచున్న యువతి యింటికి నర్సు పోగలదు, ఆమె నాసుపత్రికి చేర్పగలదు. ఆ తలుపులు తెరచుకొనుట కొక స్త్రీ నిదుర మానుకొనిన రాత్రి కారణమైనది. మీరు మొదటిసారి రాత్రిపనికి కూర్చుండి, కన్నులు మూతలు పడుచుండ గడియారము చూచునప్పుడు, ఆమెను తలచుకొని, లేచి మీ రోగి నాడిని మరియొకసారి చూడుడు.